మొక్కజొన్నకు యూరియాతో పాటు మేలు చేసే బాక్టీరియాను ఎలా వాడాలి? పర్లాకిమిడి, గుణుపురం వైపు ఎర్రనేలల రైతులకు

తొలకరి పడగానే కాశీనగర్, గుణుపురం, పర్లాకిమిడి ఎరువుల దుకాణాల ముందు ఏటా వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఈ బాక్టీరియా ప్యాకెట్టు వేస్తే యూరియా మానేయొచ్చా బాబూ?" మానేయకూడదు. హైబ్రిడ్ మొక్కజొన్న అడిగేంత నత్రజనిని ఏ ప్యాకెట్టులోని బాక్టీరియా కూడా తానొక్కటే తెచ్చి పెట్టలేదు. మానేయొచ్చని చెప్పి అమ్మేవాళ్ల మాట నమ్మి యూరియా ఆపేస్తే, నలభై రోజుల పైరు కింది ఆకులు కొస నుంచి ఈనె వెంబడి పసుపు రంగుకు తిరుగుతాయి. అప్పుడు పరుగెత్తినా కంకి సైజు తిరిగి రాదు.

మరి ఎందుకు వాడాలి? మనం వేసే యూరియాలో చాలా భాగం పంటకు చేరకుండానే పోతోంది కాబట్టి. ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల మెరక నేలల్లో వాన కొట్టిందంటే నత్రజని నీళ్లతో పాటు గెడ్డలోకి, అక్కడి నుంచి వంశధారలోకి వెళ్లిపోతుంది. వేరు బాగా అల్లుకున్న మొక్క అందులో కొంతైనా పట్టుకుంటుంది. ఆ వేరును అల్లించే పని బాక్టీరియా చేస్తుంది. సవ్యంగా వాడిన చోట రెండు మూడు పంటల్లో యూరియాను పావు వంతు వరకు తగ్గించుకునే వీలుంటుంది. అదీ సొంత చేలో తూచి చూసుకున్నాకే.

యూరియా, బాక్టీరియా: ఎవరి పని ఏది

మొక్కజొన్నకు పనికొచ్చే బాక్టీరియాలో మొదటిది అజోస్పిరిల్లమ్. గడ్డిజాతి పంటల వేర్ల పైనా, వేర్ల పొరల్లోనూ కాపురం ఉంటుంది. 1970లలో బ్రెజిల్ శాస్త్రవేత్త జోహానా డోబరైనర్ దీన్ని గడ్డిజాతి వేర్ల మీద లోతుగా పరిశోధించి లోకం దృష్టికి తెచ్చారు. ఆ దేశంలో ఇప్పుడు మొక్కజొన్నకు దీన్ని విరివిగా వాడుతున్నారు. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎంబ్రాపాలో ఈ పనినే ముందుకు తీసుకెళ్లిన మరియాంజెలా హుంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది.

అజోస్పిరిల్లమ్ గాలిలోని నత్రజనిని కొంత పట్టి ఇస్తుంది. కానీ మొక్కజొన్నలో దీని అసలు మేలు వేరు దగ్గర కనిపిస్తుంది. ఇది ఆక్సిన్ అనే పెరుగుదల పదార్థాన్ని తయారుచేస్తుంది. దాంతో పిల్లవేర్లు, నూగువేర్లు ఎక్కువగా పుడతాయి. అవి ఎక్కువ మట్టిని తడిమి ఎక్కువ నీరు, ఎక్కువ నత్రజని, ఎక్కువ భాస్వరం లాగుతాయి. వానకు వానకు మధ్య పది రోజుల ఎండ కాసినప్పుడు ఈ తేడా బయటపడుతుంది.

ఇక యూరియా. మొక్క యూరియాను యూరియాగా పెద్దగా తీసుకోదు. మట్టిలోని సూక్ష్మజీవులు విడుదల చేసే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని రెండు మూడు రోజుల్లో అమ్మోనియాగా మారుస్తుంది. తర్వాత వేరే బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు నీళ్లతో సులువుగా కొట్టుకుపోతుంది. 2015 నుంచి దేశంలో యూరియా అంతా వేపపూతతో రావడానికి ఒక కారణం, ఈ రెండో మార్పును కాస్త నెమ్మదింపజేయడం. అంటే మట్టిలో బాక్టీరియా లేకపోతే యూరియా కూడా పనిచేయదు. చాలావరకు వీటికి పోటీ లేదు.

తగువు వచ్చేది ఒక్క చోట. వేరు చుట్టూ అమ్మోనియా దండిగా ఉంటే అజోస్పిరిల్లమ్ గాలి నత్రజనిని పట్టడం ఆపేస్తుంది. ఆ పనికి దానికి చాలా శక్తి ఖర్చవుతుంది మరి. వండిన అన్నం ఇంట్లో ఉండగా ఎవరూ మళ్లీ పొయ్యి వెలిగించరు. పైగా యూరియా గుళికలు నేరుగా తగిలితే ఆ ఉప్పుదనానికి, అమ్మోనియా ఘాటుకు బాక్టీరియా చచ్చిపోతుంది. కింద చెప్పే పద్ధతి అంతా ఈ రెండింటినీ ఒకే చేలో, ఒకదానికొకటి తగలకుండా నడపడానికే.

అడుగు 1: పులుపు నేలకు ముందు సున్నం

గజపతి, రాయగడ జిల్లాల మెరక ఎర్రనేలలు చాలావరకు ఆమ్ల నేలలు. ఉదజని సూచిక, అంటే పీహెచ్, 5.5 కంటే తక్కువ ఉన్న మట్టిలో ఎంత మంచి ప్యాకెట్టు వేసినా బాక్టీరియా నిలదొక్కుకోదు. వేసిన భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం కట్టిపడేస్తాయి. బ్రెజిల్ రైతుల ఎర్రనేలలూ ఇలా పులిసినవే. వాళ్లు ముందు సున్నం వేశాకే ఈ బాక్టీరియాతో లాభం చూశారు. ఇక్కడ మాత్రం సున్నం సంగతి వదిలేసి ప్యాకెట్టు మీద ఆశ పెట్టుకునేవాళ్లే ఎక్కువ. నాకు బాధ కలిగించేది ఇదే.

మీ దగ్గర మట్టి పరీక్ష కార్డు ఉంటే బయటికి తీయండి. ఒడియాలో అచ్చయి ఉంటుంది. ఒడియా బడిలో చదివిన పిల్లలు ఇంట్లో ఉంటే చదివించుకోండి, లేదంటే కార్డు పట్టుకుని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. రాయగడ జిల్లా వాళ్లకు అది గుణుపురంలోనే ఉంది, గజపతి వాళ్లకు ఆర్. ఉదయగిరిలో ఉంది. చూడవలసినవి మూడే: పీహెచ్, సేంద్రియ కర్బనం, భాస్వరం. కర్బనం 0.5 శాతం కంటే తక్కువ ఉంటే బాక్టీరియాకు తిండి లేనట్టే. దానికి గత్తం, అంటే పశువుల ఎరువు, పెంచడం తప్ప దారి లేదు.

చేనంతా సున్నం చల్లడం ఖర్చుతో కూడిన పని. ఆమ్ల నేలలున్న తూర్పు రాష్ట్రాల్లో చేసేది ఏమిటంటే, హెక్టారుకు 2 నుంచి 5 క్వింటాళ్ల సున్నం పొడిని విత్తే సాళ్లలోనే వేయడం. ఎకరానికి ఒకటి నుంచి రెండు క్వింటాళ్లు వస్తుంది. కాగితం మిల్లుల నుంచి వచ్చే సున్నపు మడ్డిని కూడా ఒడిశాలో ఇందుకు వాడతారు. దొరికితే చవక, కానీ తడిగా ఉంటుంది, ఆరబెట్టి పొడి చేసుకోవాలి. విత్తడానికి రెండు మూడు వారాల ముందే సున్నం మట్టిలో కలిసిపోవాలి. సున్నం వేసిన రోజున యూరియా గానీ డీఏపీ గానీ తగిలిస్తే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది, ఆ వాసన మనకే తెలుస్తుంది.

వంశధార ఒడ్డున ఒండ్రు నేలలున్న వాళ్లకు పీహెచ్ సాధారణంగా ఇంత పులుపు ఉండదు. కార్డులో 6 దాటి ఉంటే ఈ అడుగు వదిలేయండి.

అడుగు 2: ఏ ప్యాకెట్టు, ఎలాంటిది

దుకాణంలో "జీవాణు సార" అని ఒడియాలో అడిగితే ఏదో ఒక ప్యాకెట్టు చేతిలో పెడతారు. చాలాసార్లు అది రైజోబియం అయి ఉంటుంది. రైజోబియం కంది, పెసర, అలసంద, వేరుశనగ లాంటి వాటికి. మొక్కజొన్న వేరు మీద అది బుడిపెలు కట్టదు. మొక్కజొన్నలో కంది గానీ అలసంద గానీ అంతరపంటగా వేసేవాళ్లు ఆ గింజలకు రైజోబియం పట్టించండి, మంచిదే. మొక్కజొన్నకు మాత్రం పేరు చూసి అజోస్పిరిల్లమ్ అడగండి.

అజటోబాక్టర్ కూడా మొక్కజొన్నకు పనికొస్తుంది గానీ అది పులుపు నేలను తట్టుకోలేదు, సేంద్రియ పదార్థం బాగా కావాలంటుంది. సున్నం వేసి, గత్తం దండిగా తోలిన చేలోనే దానికి డబ్బు పెట్టండి. ఒక్కటే కొనగలిగితే అజోస్పిరిల్లమ్. రెండోది కొనగలిగితే భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా, దుకాణాల్లో పీఎస్‌బీ అంటారు. ఎర్రనేలలో కట్టుబడిపోయిన భాస్వరాన్ని ఇది విడిపిస్తుంది. లేత మొక్కల ఆకులు ఊదారంగు తిరిగే చేలల్లో పీఎస్‌బీ వేసి తీరాలంటాను.

ప్యాకెట్టు మీద చూడవలసినవి: 2006 నుంచి జీవన ఎరువులు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు వచ్చాయి. పొడి రూపంలో ఉన్నదైతే గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవమైతే మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. ఆ అంకె, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, ఏ బాక్టీరియా అన్నది అచ్చయి ఉండాలి. ఇవేవీ లేకుండా ఊరూరా తిరిగి సీసాల్లో అమ్మే ద్రవాలను, అమ్మే మనిషి ఎంత తీయగా మాట్లాడినా, కొనకండి.

తెచ్చే దారిలోనే సగం ప్యాకెట్లు చచ్చిపోతాయి. పార్వతీపురంలోనో పాతపట్నంలోనో కొని, మే ఎండలో బస్సు టాప్ మీద వేసి, ఇంటికొచ్చాక పురుగుమందు డబ్బాల పక్కన రేకుల షెడ్డులో పెడితే లోపల మిగిలేది బొగ్గుపొడే. నీడలో, చేతిసంచిలో పెట్టుకుని తెచ్చుకోండి. ఇంట్లో చల్లగా ఉండే మూల, నీళ్ల కుండ దగ్గర ఉంచండి. విత్తడానికి పది రోజుల ముందు కొంటే చాలు, రెండు నెలల ముందు కొని దాచుకోవద్దు.

అడుగు 3: గత్తంలో వారం రోజులు మాగబెట్టడం

ఈ మొత్తం పద్ధతిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ అడుగు. పొడిని నేరుగా చేలో చల్లితే అది ఎండకు, పులుపు మట్టికి, అక్కడ ముందే ఉన్న సూక్ష్మజీవుల పోటీకి తట్టుకోలేదు. భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆమ్ల నేలల కోసం ఒక పద్ధతి చెబుతుంది: అజోస్పిరిల్లమ్, అజటోబాక్టర్, పీఎస్‌బీ మూడూ సమంగా హెక్టారుకు 4 కిలోల చొప్పున తీసుకుని, 5 శాతం సున్నం కలిపిన వర్మికంపోస్టులో ఒకటికి ఇరవై అయిదు వంతులుగా కలిపి, తడి ఆరకుండా వారం రోజులు ఉంచి, అప్పుడు సాళ్లలో వేయడం.

మన ఎకరం లెక్కకు తెచ్చుకుంటే మూడూ కలిపి సుమారు 5 కిలోల పొడి, 125 కిలోల వర్మికంపోస్టు, 6 కిలోల సున్నం పొడి. వర్మికంపోస్టు లేకపోతే బాగా మాగిన పశువుల గత్తం వాడవచ్చు. ద్రవరూపం కొన్నవాళ్లు ఒక్కోటి అర లీటరు చొప్పున అంతే గత్తానికి కలుపుకోవచ్చు.

చేసే తీరు ఇలా. చెట్టు నీడన గానీ పాక లోపల గానీ నేల మీద పరదా పరవండి. గత్తాన్ని జల్లించి గడ్డలు, రాళ్లు, చెత్త ఏరేయండి. చెయ్యి గత్తంలోకి మోచేతి దాకా దూర్చి చూడండి. లోపల వెచ్చగా తగిలితే అది ఇంకా మాగుతోంది, ఆ వేడికి బాక్టీరియా బతకదు, మరో కుప్ప చూడండి. చల్లగా, వాన తడిసిన మట్టి వాసన వస్తే సరైనది. పొడి సున్నం ముందు చల్లి కలపండి. సున్నం అంటే వ్యవసాయ సున్నం పొడి. గోడలకు కొట్టే పచ్చి సున్నం నీళ్లు తగిలితే కాగుతుంది, అది వద్దు. ఒక రోజు ఆగి, మరునాడు సాయంత్రం బాక్టీరియా పొడిని చల్లి, నీళ్లు చిలకరిస్తూ పారతో మూడు నాలుగుసార్లు తిరగేయండి. బావినీళ్లు మేలు. కుళాయి నీళ్లు క్లోరిన్ వాసన వస్తుంటే రాత్రంతా బిందెలో మూత లేకుండా ఉంచి వాడండి.

తడి ఎంతుండాలి? పిడికెడు తీసి గట్టిగా నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. ముద్దను బొటనవేలితో తడితే విడిపోవాలి. ఆ స్థితిలో జానెడు ఎత్తు మించని పొరగా పరచి తడి గోనెలు కప్పండి. రోజూ గోనె మీద నీళ్లు చిలకరించండి, రెండు రోజులకోసారి తిరగేయండి. కోళ్లు కెలకకుండా చూసుకోండి. వారం తర్వాత గత్తం తెరిస్తే కుళ్లు వాసన గానీ అమ్మోనియా ఘాటు గానీ రాకూడదు.

ఈ గత్తంలో యూరియా, డీఏపీ, పొటాష్ ఏదీ కలపవద్దు. "ఎలాగూ ఒకే సాలులో వేస్తాం కదా, కలిపేస్తే కూలీ కలిసొస్తుంది" అనిపిస్తుంది. అలా కలిపిన క్షణంలో వారం రోజుల శ్రమ మట్టిపాలు.

అడుగు 4: విత్తనానికి పట్టించాలా?

పుస్తకాల్లో విత్తనశుద్ధి మొదట ఉంటుంది. ఇప్పుడు మనం కొనే హైబ్రిడ్ విత్తనం ఎలా వస్తుందో చూడండి. గులాబీ, ఎరుపు, పచ్చ రంగు పూతతో వస్తుంది. ఆ పూతలో శిలీంధ్రనాశిని ఉంటుంది, చాలా రకాల్లో కత్తెర పురుగు, మొవ్వు ఈగ కోసం పురుగుమందు కూడా ఉంటుంది. దాని మీద బాక్టీరియా రుద్దితే అది గంటలు కూడా బతకకపోవచ్చు. కాబట్టి రంగు పూసిన విత్తనానికి బాక్టీరియా పట్టించే ప్రయాస వద్దు, పై గత్తం పద్ధతే చాలు. ఆ పూతను కడిగేసి బాక్టీరియా పట్టించాలని కూడా చూడకండి. కడిగిన నీళ్లు విషం, కత్తెర పురుగు నుంచి ఉన్న కాపుదల కూడా పోతుంది.

సొంత విత్తనం వాడేవాళ్లకు, కొండల మీద సవర రైతులు పోడులో వేసే నాటు రకాలకు మాత్రం విత్తనశుద్ధి ఎంతో మేలు. 100 గ్రాముల బెల్లాన్ని లీటరు నీళ్లలో కాచి పూర్తిగా చల్లార్చండి. ఎకరానికి సరిపడే 8 కిలోల గింజల మీద తడి పట్టేంత మాత్రమే చిలకరించి, 200 గ్రాముల అజోస్పిరిల్లమ్ పొడి చల్లి, గింజ గింజకూ నల్లటి పూత పట్టేలా చేత్తో కలపండి. నీడలో అరగంట ఆరనిచ్చి ఆ పూటే విత్తేయండి. పోడు చేలకు యూరియా వాడరు కాబట్టి ఈ వ్యాసంలోని మిగతా లెక్కలు వాళ్లకు అవసరం లేదు.

అడుగు 5: విత్తే రోజు

మట్టిలో పదును ఉండాలి. పొడి దుక్కిలో విత్తి వానకోసం చూసే పద్ధతిలో గింజ ఆగుతుంది గానీ బాక్టీరియా ఆగదు. మబ్బు పట్టిన రోజు గానీ సాయంత్రం పూట గానీ పెట్టుకోండి.

సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు. ముందు డీఏపీ, పొటాష్ వేసి మట్టి కప్పాలి. దాని పక్కన నాలుగు వేళ్ల ఎడంగా గింజ పడే గీతలో మాగబెట్టిన గత్తం పలచగా వేసి, దాని మీద గింజ, ఆపైన మట్టి. గత్తాన్ని ఎండలో బుట్టల్లో బారుగా పెట్టి ఉంచవద్దు. ఒకరు గత్తం వేస్తుంటే వెనకే ఇంకొకరు గింజ, ఆ వెనకే కప్పడం, మనుషులు వరుసగా సాగాలి.

కలుపు కోసం అట్రజిన్ కొట్టేవాళ్లు విత్తిన 48 గంటల్లోపు మామూలుగానే కొట్టుకోవచ్చు. ఒకే ట్యాంకులో ద్రవ బాక్టీరియాను, కలుపుమందును కలపడం మాత్రం కూడదు. రాగి మందులు, స్ట్రెప్టోసైక్లిన్ లాంటివి వాడిన స్ప్రేయర్‌ను కడగకుండా ద్రవ బాక్టీరియాకు వాడినా అంతే సంగతులు.

అడుగు 6: యూరియా ఎంత, ఎప్పుడు

ఒడిశాలో ఖరీఫ్ హైబ్రిడ్ మొక్కజొన్నకు వాడుకలో ఉన్న సిఫారసు హెక్టారుకు నత్రజని 120, భాస్వరం 60, పొటాష్ 60 కిలోలు. ఎకరానికి 48, 24, 24. బస్తాల్లో చెప్పుకుంటే: డీఏపీ ఒక బస్తా, అంటే 50 కిలోలు. అందులోనే 9 కిలోల నత్రజని వస్తుంది. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ 40 కిలోలు. యూరియా 45 కిలోల బస్తాలు రెండు, దాదాపు 41 కిలోల నత్రజని.

ఈ 90 కిలోల యూరియాను విత్తేటప్పుడు 20, మోకాలి ఎత్తులో 35, జల్లు (మగ పూత) వేసే ముందు 35 కిలోలుగా పంచాలి. మొదటి పంటలో ఇందులో ఏమీ తగ్గించకండి. బాక్టీరియా వేశాం కదా అని తొలి ఏడాదే కోత పెట్టడం దుడుకు పని.

మొదటి మోతాదు యూరియాను గత్తం వేసిన గీతకు దూరంగా, డీఏపీ వేసిన పక్కనే వేయండి. ముప్పై రోజులకు, కలుపు తీసి మట్టి ఎగదోసే ముందు, ఇంకో విడత మాగబెట్టిన గత్తం మొదళ్ల దగ్గర వేయగలిగితే చాలా మంచిది. అలా వేస్తే మోకాలి ఎత్తు యూరియాను ఒక వారం, పది రోజులు ఆలస్యంగా వేయండి. గత్తం మొదట్లో, యూరియా జానెడు ఎడంగా సాలు మధ్య వైపు పడాలి. యూరియా పడగానే మట్టి కప్పాలి. తడి నేల మీద గుళికలు తేలి ఉంటే కొంత అమ్మోనియాగా ఎగిరిపోతుంది.

వాన వెలిసిన వెంటనే సాళ్లలో నీళ్లు నిలిచి ఉండగా యూరియా వేయకండి. గాలి ఆడని తడిలో వేరే రకం బాక్టీరియా విజృంభించి నైట్రేటును గాలిలోకి పంపేస్తుంది. అజోస్పిరిల్లమ్ కూడా ఊపిరాడక నీరసిస్తుంది. మొక్కజొన్నకు అసలే నీటి నిల్వ పడదు. పల్లపు చేలల్లో బోదెలు తోలి బోదె మీద విత్తడం ఒక్కటే మందు.

ఇంకో సంగతి. గత పంట చొప్ప, గడ్డి పచ్చిగా దున్నేసిన చేలో మొదటి నెల పైరు పాలిపోవచ్చు. ఆ గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తాత్కాలికంగా తమ ఒంట్లోకి తీసుకుంటాయి. అలాంటి చేలో విత్తేటప్పటి యూరియా తప్పనిసరి. చొప్ప కాల్చేయడం దీనికి పరిష్కారం కాదు. నెలన్నర ముందే దున్ని కలిపేస్తే ఈ ఇబ్బంది ఉండదు, కర్బనమూ పెరుగుతుంది.

అడుగు 7: పాతిక రోజులకు వేరు చూడండి

ఆకు పచ్చదనం చూసి బాక్టీరియా పనిచేసిందో లేదో చెప్పలేరు, యూరియా ఆ తేడాను కప్పేస్తుంది. వేరు చూడాలి. గత్తం వేసిన సాలులో రెండు మూడు మొక్కలు, వేయని సాలులో (పోలిక కోసం విత్తేటప్పుడే ఒకటి రెండు సాళ్లు గత్తం లేకుండా వదలాలి) రెండు మూడు మొక్కలు ఎంచుకోండి. పట్టుకుని పీకితే నూగువేర్లు తెగిపోతాయి. చుట్టూ జానెడు దూరంలో గునపంతో తవ్వి మట్టి గడ్డతో సహా లేపి, బకెట్టు నీళ్లలో పది నిమిషాలు ఉంచి, మెల్లగా ఆడించండి.

బాగా పట్టిన మొక్కలో మట్టి త్వరగా వదలదు. సన్నటి నూగువేర్లు మట్టి రేణువులను పట్టుకుని వేరు చుట్టూ తొడుగులా ఉంటాయి. పక్కవేర్లు దట్టంగా, కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి. రెండో మొక్క వేరు నున్నగా, తెల్లటి దారాల్లా తేలిగ్గా శుభ్రమవుతుంది. రెండింటినీ పక్కపక్కన గోనె మీద పరిస్తే తేడా ఉందో లేదో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. తేడా కనిపించకపోతే ప్యాకెట్టు చచ్చినదైనా అయి ఉండాలి, నేల మరీ పులిసినదైనా అయి ఉండాలి. ఆ పంటకు యూరియా పూర్తి మోతాదు ఇచ్చి, సంక్రాంతి తర్వాత మట్టి పరీక్షకు ఇవ్వండి.

అడుగు 8: తగ్గించే ముందు తూచండి

రెండో ఏడాది చేలో ఒకే రకం నేల ఉన్న చోట పది సెంట్ల చొప్పున మూడు మడులు గుర్తు పెట్టుకోండి. మొదటి మడిలో పూర్తి యూరియా, బాక్టీరియా లేదు. రెండో దానిలో పూర్తి యూరియా, బాక్టీరియా గత్తం. మూడో దానిలో బాక్టీరియా గత్తం, ముప్పావు యూరియా. పది సెంట్లకు డీఏపీ 5 కిలోలు, పొటాష్ 4 కిలోలు మూడింటికీ ఒకటే. యూరియా మొదటి రెండింటికీ 2, 3.5, 3.5 కిలోలు. మూడో మడికి విత్తేటప్పుడు యూరియా వేయకుండా, తర్వాత రెండుసార్లు 3.4 కిలోల చొప్పున.

కోత ఎందుకు మొదటి మోతాదులో? మోకాలి ఎత్తు వచ్చేదాకా మొక్కజొన్న తీసుకునే నత్రజని కొద్దిగానే. దానికి డీఏపీలోని నత్రజని సరిపోతుంది. జూన్, జూలై వానలకు ఎక్కువ కొట్టుకుపోయేదీ ఈ మొదటి మోతాదే. బాక్టీరియా వేరు దగ్గర కాపురం పెట్టేదీ ఈ రోజుల్లోనే. మోకాలి ఎత్తు నుంచి పీచు వచ్చేదాకా మొక్క ఆకలి ఎక్కువ, అక్కడ చెయ్యి వెనక్కి తీయకూడదు. చొప్పను ముందే కలిపేయకుండా పచ్చిగా దున్నిన చేలో మాత్రం ఈ మూడో మడి ప్రయోగం ఆ ఏడాది పెట్టుకోవద్దు.

కోతప్పుడు గట్టు పక్క సాళ్లు వదిలేసి, ప్రతి మడి నడుమ రెండు సాళ్లు పది మీటర్ల పొడవున కొలిచి, ఆ కంకులు వేరుగా ఒలిచి, ఎండబెట్టి తూచండి. అది 12 చదరపు మీటర్లు, దాదాపు వంద మొక్కలు. ఆ బరువును 337తో హెచ్చిస్తే ఎకరం దిగుబడి వస్తుంది. మడికి రెండు మూడు చోట్ల కోసి సగటు తీస్తే ఇంకా నమ్మకం.

డబ్బు లెక్క కూడా సూటిగా చూసుకోవాలి. పావు వంతు తగ్గిస్తే ఎకరానికి మిగిలేది సుమారు 22 కిలోల యూరియా. 45 కిలోల బస్తా సబ్సిడీ ధర సుమారు 266 రూపాయలు కాబట్టి అది నూట ముప్పై రూపాయల చిల్లర. గత్తం, ప్యాకెట్లు, కూలీ ఖర్చు అంతకంటే ఎక్కువే అవుతుంది. యూరియా డబ్బు మిగుల్చుకోవడానికే ఇదంతా చేస్తే లాభం లేదు. రెండో మడి మొదటి మడి కంటే ఎక్కువ పండిందా, వానకు ఎడం పడినప్పుడు ఏ మడి తక్కువ వడలింది, ఈ రెండూ చూడండి. బస్తాలు దొరక్క దుకాణాల ముందు వరుసలో నిలబడే ఏడాదిలో మూడో మడి లెక్క మీ చేతిలో ఉంటే, ఏ మోతాదులో కోత పెట్టాలో తడబడకుండా తేల్చుకోగలరు.

మూడో మడి రెండో మడితో సమంగా పండితే తర్వాతి పంటకు చేలో సగానికి ముప్పావు యూరియా పద్ధతి పెట్టండి. తక్కువ పండితే పూర్తి యూరియాతోనే బాక్టీరియా గత్తం కొనసాగించి, సున్నం, గత్తం పెంచి మళ్లీ మడులు వేసి చూడండి. మాగబెట్టిన గత్తం మాత్రం ప్రతి పంటకూ వేయాల్సిందే. ఒకసారి వేసిన బాక్టీరియా మండువేసవిలో ఎండి బీటలు వారిన మట్టిలో వచ్చే తొలకరి దాకా చాలినంతగా మిగలదు.